లైనక్స్ బూట్ తొలి దశలోకి మీకు కావలసిన టూల్స్ చేర్చడం ఎలా

రూట్ పార్టిషన్ మౌంట్ కాక, తెరపై ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ తొలి దశలో మెమరీలో ఉండే చిన్న ఫైల్‌సిస్టం) ప్రాంప్ట్ ఒక్కటే మిగిలినప్పుడు చేతిలో ఏముంటుంది? బిజీబాక్స్ అనే ఒకే చిన్న ప్రోగ్రాము ఇచ్చే చిన్నాచితకా కమాండ్లు, మహా అయితే ఫైల్‌సిస్టంను సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే. డిస్కు ఆరోగ్యం చూద్దామంటే స్మార్ట్‌సీటీఎల్ ఉండదు. ఏ కంట్రోలర్ తగిలి ఉందో తెలుసుకుందామంటే ఎల్‌ఎస్‌పీసీఐ ఉండదు. ఒక ఫైలులో అక్షరం సరిదిద్దడానికి న్యానో కూడా ఉండదు. ఈ మూడూ మీ డిస్కులోనే భద్రంగా ఉన్నాయి, కానీ ఆ డిస్కే తెరుచుకోవడం లేదు. చేతులు కాలాక పట్టుకోవలసిన ఆకులను ముందుగానే దగ్గర పెట్టుకోవడం ఎలాగో ఇక్కడ చూద్దాం.

కమాండ్లు, ఫైళ్ల పేర్లు పలికే తీరులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టండి. పెద్ద అక్షరం అవసరమైన చోట ఆ మాట విడిగా చెబుతాను.

ముందు అది ఏమిటో తెలియాలి

బూట్‌లోడర్ రెండు ఫైళ్లను మెమరీలోకి ఎక్కిస్తుంది. ఒకటి కెర్నెల్, రెండోది ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఇమేజ్. ఈ రెండోది కుదించిన సీపీఐఓ ఆర్కైవ్ (ఎన్నో ఫైళ్లను కట్టిన ఒకే మూట), అంతకు మించి మాయ ఏమీ లేదు. కెర్నెల్ దాన్ని మెమరీలో విప్పి, అందులో ఉన్న 'ఇనిట్' అనే ప్రోగ్రామును 1వ నంబరు ప్రాసెస్‌గా నడుపుతుంది. 2.6 కెర్నెల్ సిరీస్ నుంచి పద్ధతి ఇదే. ఆ ఇనిట్ డ్రైవర్లను ఎక్కించి, డిస్కును వెతికి, తాళం ఉంటే తీసి, అసలు రూట్‌ను మౌంట్ చేసి, పగ్గాలు అప్పగించి తప్పుకుంటుంది.

దీన్నిబట్టి ఒక విషయం తేలుతుంది. ఆ కాసేపటిలో మీ టూల్ నడవాలంటే, దానికి కావలసిన ప్రతి ఫైలూ ఆ ఆర్కైవ్‌లోనే ఉండాలి. '/యూఎస్‌ఆర్/షేర్' ఉందిలే, '/వార్' ఉందిలే అనుకునే ధీమా అక్కడ పనికిరాదు. ప్రోగ్రామును ఆర్కైవ్‌లోకి చేర్చడం నిమిషం పని. అది నడిచేటప్పుడు గుట్టుగా ఏ ఫైళ్లు తెరుస్తుందో పట్టుకోవడమే అసలు పని. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే.

మీ సిస్టం ఏ పద్ధతిలో తయారుచేస్తోంది?

డెబియన్, దాని మీద ఆధారపడిన చాలా పంపిణీల్లో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్ అనే ప్యాకేజీ ఈ ఇమేజ్‌ను తయారుచేస్తుంది. ఫెడోరా, రెడ్ హ్యాట్, ఓపెన్‌సూసేలలో డ్రాకట్ ఉంటుంది. ఆర్చ్‌లో ఎంకేఇనిట్‌సీపీఐఓ. ఉబుంటు చాలా కాలం మొదటిదాన్నే నమ్ముకుంది కానీ, డెస్క్‌టాప్ 25.10 విడుదల నుంచి డ్రాకట్ వైపు మళ్లింది. కాబట్టి పంపిణీ పేరు చూసి ఊహించకుండా, ఏ ప్యాకేజీ ఉందో చూసుకోండి. డెబియన్ దారిని పూర్తిగా చెబుతాను. మిగతా రెంటిలో తేడా ఉన్నంత వరకే చివర్లో చెబుతాను, ఎందుకంటే ఆలోచన అన్నిటికీ ఒకటే.

టూల్ వెంట ఏమేం రావాలి?

మొదట లైబ్రరీలు. 'ఎల్‌డీడీ' కమాండుకు ప్రోగ్రాము పూర్తి దారి ఇస్తే, అది ఆధారపడిన షేర్డ్ లైబ్రరీల జాబితా వస్తుంది. స్మార్ట్‌సీటీఎల్‌ను సీ ప్లస్ ప్లస్‌లో రాశారు కాబట్టి ఆ భాష ప్రామాణిక లైబ్రరీ దాని వెంట వస్తుంది. ఈ జాబితాను చేత్తో కాపీ చేయనక్కరలేదు, హుక్ స్క్రిప్టులోని (ఇమేజ్ తయారీలో నడిచే మన స్క్రిప్టు, కింద రాస్తాం) ఒక ఫంక్షనే ఆ పని చూసుకుంటుంది.

చిక్కు ఎక్కడంటే, ఎల్‌డీడీకి కనబడేది ప్రోగ్రాము ముందే ప్రకటించిన లైబ్రరీలు మాత్రమే. నడుస్తూ నడుస్తూ మధ్యలో 'డీఎల్‌ఓపెన్' ద్వారా తెచ్చుకునేవి దాని కంటపడవు. థ్రెడ్లు వాడే కొన్ని ప్రోగ్రాములు, పని మధ్యలో ఒక థ్రెడ్‌ను రద్దు చేయబోయి, లిబ్‌జీసీసీ-ఎస్ లైబ్రరీ కనబడలేదని ఫిర్యాదు చేసి చతికిలబడేది ఇందుకే. ప్రోగ్రాము మొదలవుతుంది, వెర్షన్ చెబుతుంది, సహాయ సందేశమూ చూపిస్తుంది. అసలు పనికి దిగాకే కూలుతుంది. వెర్షన్ చూసి తృప్తిపడేవారికి ఇది దొరకదు.

తరువాత డేటా ఫైళ్లు. ఎల్‌ఎస్‌పీసీఐ మంచి ఉదాహరణ. దాన్ని ఒంటరిగా తీసుకువెళితే అది నడుస్తుంది, కానీ పరికరాల పేర్ల బదులు '8086:1237' లాంటి అంకెలు చూపిస్తుంది. ఎడమ వైపున్నది తయారీదారు సంఖ్య, కుడి వైపున్నది పరికరం సంఖ్య. ఇంటెల్ 440ఎఫ్‌ఎక్స్ చిప్‌సెట్ అని మామూలుగా కనబడేది అక్కడ ఇలా కనబడుతుంది. పేర్లన్నీ 'పీసీఐ.ఐడీస్' అనే ఫైలులో ఉంటాయి. డెబియన్‌లో అది '/యూఎస్‌ఆర్/షేర్/మిస్క్' కింద, ఫెడోరాలో '/యూఎస్‌ఆర్/షేర్/హెచ్‌డబ్ల్యూడేటా' కింద ఉంటుంది. విప్పితే ఒక మెగాబైటుకు పైనే. పేర్లు కావాలా, అంకెలు చాలా అన్నది మీ ఇష్టం. చేతిలో ఇంటర్నెట్ ఉన్న ఫోను ఉంటే అంకెలే చాలంటాను.

న్యానో కథ వేరు. లైబ్రరీలన్నీ ఉన్నా, 'లైనక్స్' అనే టెర్మినల్‌ను తెరవలేకపోయానని ఒక్క వాక్యం చెప్పి ఆగిపోతుంది. తెరమీద కర్సర్‌ను ఎలా కదపాలో చెప్పే టెర్మ్‌ఇన్ఫో ఫైలు ఆర్కైవ్‌లో లేకపోవడమే కారణం. '/లిబ్/టెర్మ్‌ఇన్ఫో/ఎల్/లైనక్స్' అనే చిన్న ఫైలును వెంట పంపితే సమస్య తీరిపోతుంది. పూర్తి తెర వాడే ఏ ప్రోగ్రాముకైనా ఇది వర్తిస్తుంది.

ఇలాంటివి ముందే పసిగట్టడానికి, ప్రోగ్రాము కెర్నెల్‌ను చేసే పిలుపులను చూపించే ఎస్‌ట్రేస్‌ను మించినది లేదు. మామూలుగా నడుస్తున్న సిస్టంలోనే, ఫైళ్లకు సంబంధించిన పిలుపులు మాత్రమే చూపమంటూ మీ టూల్‌ను దాని కింద నడపండి. ఆప్షన్లు 'మైనస్ ఎఫ్', ఆ తరువాత 'మైనస్ ఇ', దానికి విలువగా 'ట్రేస్=ఫైల్'. న్యానో లాంటి వాటికి 'మైనస్ ఓ' ఇచ్చి ఫలితాన్ని వేరే ఫైలులోకి మళ్లించాలి, లేకపోతే తెరంతా కలగాపులగం అవుతుంది. వచ్చిన జాబితాలో విఫలమైన పిలుపులను వదిలేసి, విజయవంతంగా తెరిచిన ఫైళ్లను మాత్రం ఏరండి. లొకేల్ ఫైళ్లను నిస్సంకోచంగా పక్కన పెట్టవచ్చు, అవి లేకపోయినా సందేశాలు ఇంగ్లీషులో వస్తాయి. ఒక జాగ్రత్త: టూల్‌ను ఊరికే మొదలుపెట్టి ఆపేయకుండా, ప్రమాద సమయంలో ఏ పని చేయిస్తారో అదే పని చేయిస్తూ గమనించండి.

పైథాన్‌లోనో పెర్ల్‌లోనో రాసినవాటి జోలికి పోవద్దనే నా సలహా. ఇంటర్‌ప్రెటర్, దాని మాడ్యూళ్లు అన్నీ మోయాల్సి వస్తుంది. దానికన్నా స్టాటిక్‌గా కంపైల్ చేసిన ఒక చిన్న ప్రోగ్రాము ఎన్నో రెట్లు నయం.

హుక్ స్క్రిప్టు రాయడం

మీ హుక్‌లు '/ఈటీసీ/ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్/హుక్స్' డైరెక్టరీలో ఉండాలి. ప్యాకేజీలు పెట్టేవి '/యూఎస్‌ఆర్/షేర్' కింద ఉంటాయి, వాటిని ముట్టుకోవద్దు, అప్‌డేట్ వస్తే మీ మార్పులు కొట్టుకుపోతాయి. హుక్ అనేది బూట్ సమయంలో నడిచేది కాదు. ఇమేజ్ తయారయ్యేటప్పుడు, అంటే మీ సిస్టం హాయిగా నడుస్తున్నప్పుడే నడిచి, ఫైళ్లను లోపల పెడుతుంది. ఈ తేడా మనసులో పెట్టుకోండి.

'రెస్క్యూ-టూల్స్' అనే పేరుతో ఒక ఫైలు తెరవండి. మొదటి పంక్తి మామూలు షెల్ స్క్రిప్టుకు ఉండేదే, '/బిన్/ఎస్‌హెచ్' దారితో. ఆ తరువాత ప్రతి హుక్‌లోనూ తప్పనిసరిగా ఉండవలసిన ఒక ముక్క ఉంది. స్క్రిప్టును 'ప్రీరెక్స్' అనే మాట ఇచ్చి పిలిస్తే, తనకన్నా ముందు నడవాల్సిన హుక్‌ల పేర్లు చెప్పి బయటపడాలి. మనకు అలాంటివేవీ లేవు కనుక ఖాళీ విలువ చాలు. ఈ ముక్క నమూనా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్ మ్యాన్ పేజీలో ఉంది, యథాతథంగా దించుకోండి.

దాని కింద, '/యూఎస్‌ఆర్/షేర్/ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్/హుక్-ఫంక్షన్స్' అనే ఫైలును చుక్క కమాండుతో లోపలికి తెచ్చుకోండి. ఇక మీ చేతికి రెండు ముఖ్యమైన ఫంక్షన్లు వచ్చినట్లే. ఒకటి 'కాపీ_ఎగ్జెక్'. దానికి ప్రోగ్రాము పూర్తి దారి ఇస్తే, అది ఆధారపడిన లైబ్రరీలతో సహా అదే దారిలో లోపల పెడుతుంది. మన ఉదాహరణలో స్మార్ట్‌సీటీఎల్, ఎల్‌ఎస్‌పీసీఐ, న్యానోలకు ఒక్కో పంక్తి. రెండోది 'కాపీ_ఫైల్'. దీనికి మొదట ఏదో ఒక రకం పేరు, తరువాత ఫైలు దారి ఇవ్వాలి. ఆ రకం పేరు సందేశాల్లో కనబడడానికే. టెర్మ్‌ఇన్ఫో ఫైలుకు ఒక పంక్తి, పీసీఐ.ఐడీస్ కావాలనుకుంటే ఇంకొకటి. డీఎల్‌ఓపెన్ ద్వారా వచ్చే లైబ్రరీ ఏదైనా తేలితే, దానికీ కాపీ_ఎగ్జెక్ వాడవచ్చు. కెర్నెల్ మాడ్యూల్ అవసరమైతే 'మ్యాన్యువల్_యాడ్_మాడ్యూల్స్' ఉంది.

ఇప్పుడు 'సీహెచ్‌మోడ్'తో ఫైలుకు నడిచే అనుమతి ఇవ్వండి. ఇది మరిచిపోతే ఏ దోష సందేశమూ రాదు, హుక్‌ను నిశ్శబ్దంగా దాటేస్తుంది. దీనికి తిరగేసిన ప్రమాదం ఇంకొకటి ఉంది. అదే డైరెక్టరీలో చివర '.బ్యాక్' తగిలించి పాత ప్రతిని దాచుకుంటారు చూడండి, పేరులో చుక్క ఉన్నా అనుమతి ఉంటే అదీ నడుస్తుంది. పాత ప్రతులను వేరే చోట పెట్టుకోండి.

బూట్ డైరెక్టరీని ముట్టకుండా పరీక్షించండి

చాలామంది హుక్ రాయగానే 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్' కొట్టి, రీబూట్ చేసి, వేళ్లు ముడుచుకుని కూర్చుంటారు. అంత సాహసం అక్కరలేదు. 'ఎంకేఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్' కమాండుకు 'మైనస్ ఓ' ఆప్షన్‌తో '/టీఎంపీ/టెస్ట్.ఐఎంజీ' అని ఇచ్చి, వెనకే 'యూనేమ్ మైనస్ ఆర్' చూపించే కెర్నెల్ వెర్షన్ ఇవ్వండి. పూర్తి ఇమేజ్ పక్కన తయారవుతుంది, అసలుది అలాగే ఉంటుంది.

'ఎల్‌ఎస్‌ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్'తో లోపలి జాబితా తీసి, మీ ఫైళ్లు చేరాయో లేదో గ్రెప్‌తో చూడండి. తరువాత రూట్ హోదాలో 'అన్‌ఎంకేఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్'తో ఒక ఖాళీ డైరెక్టరీలోకి విప్పండి. ప్రాసెసర్ మైక్రోకోడ్ కూడా ఇమేజ్‌లో ఉంటే 'ఎర్లీ', 'మెయిన్' అనే విడి డైరెక్టరీలు కనబడతాయి, మనకు కావలసింది మెయిన్. దానిలోకి 'సీహెచ్‌రూట్' చేసి (ఆ డైరెక్టరీనే రూట్‌గా చూపించే కమాండు ఇది) స్మార్ట్‌సీటీఎల్ వెర్షన్ అడిగితే, లైబ్రరీలు సరిపోయాయో లేదో క్షణంలో తెలుస్తుంది. ఇది తొలి జల్లెడ మాత్రమే. అక్కడ '/ప్రాక్', '/సిస్', '/డెవ్' సిద్ధంగా ఉండవు కాబట్టి అంతకు మించి ఆశించవద్దు.

అసలు పరీక్ష క్యూఎములో, అంటే మీ సిస్టంలోనే ఒక కల్పిత యంత్రాన్ని నడిపే ప్రోగ్రాములో. 'క్యూఎము-సిస్టమ్-ఎక్స్86_64' కమాండుకు ఇవి ఇవ్వాలి: 'మైనస్ కెర్నెల్'కు /బూట్‌లోని మీ కెర్నెల్ ఫైలు, 'మైనస్ ఇనిట్‌ఆర్‌డీ'కి మీ పరీక్ష ఇమేజ్, 'మైనస్ ఎం'కు 1024, ఆ పైన 'మైనస్ నోగ్రాఫిక్'. చివరగా 'మైనస్ అపెండ్'కు కోట్స్ లోపల రెండు మాటలు: 'కన్సోల్=టీటీవైఎస్0', 'బ్రేక్=ప్రీమౌంట్'. టీటీవైఎస్0లో ఎస్ పెద్ద అక్షరం. కెర్నెల్ ఫైలును మామూలు వినియోగదారు చదవలేని సిస్టంలలో సూడో అవసరం అవుతుంది.

డిస్కు ఇవ్వలేదేమిటి అంటారా? అవసరం లేదు. రూట్‌ను వెతకడానికి ముందే ఆగమని చెప్పాం కాబట్టి, కెర్నెల్ సందేశాలు జరజరా పారి, ప్రాంప్ట్ దగ్గర ఆగుతుంది. ఆపత్సమయంలో మీరు చూడబోయేది సరిగ్గా దీన్నే. ఎల్‌ఎస్‌పీసీఐ కొట్టి పేర్లు వచ్చాయా అంకెలు వచ్చాయా చూడండి. న్యానో తెరిచి, నాలుగు అక్షరాలు టైపు చేసి, సేవ్ చేయండి. బిజీబాక్స్‌లోనూ అదే పేరున్న చిన్న కమాండ్ ఉండే అవకాశం ఉంది, అందుకని పూర్తి దారి ఇచ్చి పిలవడం మంచిది. బయటికి రావడానికి కంట్రోల్-ఏ నొక్కి వదిలి, ఎక్స్ నొక్కండి. ఏదైనా లోపిస్తే హుక్‌లో పంక్తి చేర్చి, ఇమేజ్ మళ్లీ తయారుచేసి, మళ్లీ నడపండి. రీబూట్ బెడద లేదు కనుక ఎన్నిసార్లయినా చేయవచ్చు.

అసలు ఇమేజ్ మార్చడం

ముందుగా '/బూట్'లో ఎంత ఖాళీ ఉందో 'డీఎఫ్'తో చూడండి. విడి బూట్ పార్టిషన్ ఉన్న చోట పాత కెర్నెల్‌లు పేరుకుని అది నిండిపోవడం మామూలే. తరువాత ఇప్పుడున్న ఇనిట్‌ఆర్‌డీ ఇమేజ్‌ను (మన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైలుకు అక్కడ ఉండే పేరు ఇదే) అక్కడే మరో పేరుతో కాపీ చేయండి. కొత్తది మొరాయిస్తే గ్రబ్ (బూట్‌లోడర్) మెనూలో ఇ నొక్కి, ఇనిట్‌ఆర్‌డీ పంక్తిలో ఆ పాత పేరు రాసి, కంట్రోల్-ఎక్స్ కొడితే మునుపటిలా బూట్ అవుతుంది. ఆ మార్పు ఆ ఒక్క బూట్‌కే పరిమితం.

ఇప్పుడు 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మైనస్ యూ'. అన్ని కెర్నెల్‌లకూ ఒకేసారి వర్తింపజేసే 'మైనస్ కే ఆల్' ఆప్షన్ ఉంది కానీ, మొదటి రోజే దాన్ని వాడకండి. పాత కెర్నెల్ ఇమేజ్ చెక్కుచెదరకుండా ఉండడమే మీ రెండో రక్ష. రీబూట్ చేసి, గ్రబ్‌లో కెర్నెల్ పంక్తి చివర 'బ్రేక్=ప్రీమౌంట్' చేర్చి, నిజమైన యంత్రం మీద ఒకసారి ప్రాంప్ట్ దాకా వెళ్లండి. కీబోర్డు పనిచేస్తోందా, స్మార్ట్‌సీటీఎల్‌కు డిస్కు కనబడుతోందా చూసుకుని, 'ఎగ్జిట్' కొడితే బూట్ మామూలుగా సాగిపోతుంది.

బూట్‌లో దానంతటదే నడవాలంటే

అది హుక్ పని కాదు, బూట్ స్క్రిప్టు పని. '/ఈటీసీ/ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్/స్క్రిప్ట్స్' కింద దశల పేర్లతో డైరెక్టరీలు ఉంటాయి. ఇనిట్-ప్రీమౌంట్‌లో డ్రైవర్లు ఎక్కి ఉంటాయి. లోకల్-ప్రీమౌంట్ నాటికి రూట్ పరికరం కనబడి ఉంటుంది, ఇంకా మౌంట్ కాదు. లోకల్-బాటమ్ నాటికి మౌంట్ అయిపోతుంది. డిస్కు ఆరోగ్యం చూడాలంటే లోకల్-ప్రీమౌంట్ సరైన చోటు. స్క్రిప్టు తల భాగం హుక్‌లాగే ఉంటుంది. లోపల బ్యాష్ ప్రత్యేకతలు వాడవద్దు, అక్కడున్నది చిన్న షెల్, అరేలు దానికి తెలియవు.

ఫలితాన్ని '/రన్/ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్' డైరెక్టరీలో రాయించండి, ఆ డైరెక్టరీ లేకుంటే ముందుగా దాన్ని సృష్టించండి. '/రన్' అసలు సిస్టంలోకి అలాగే తరలివెళుతుంది కనుక బూట్ అయ్యాక తీరికగా చదువుకోవచ్చు. మిగతా చోట్ల రాసింది ఆ మెమరీతోపాటే మాయమవుతుంది. స్మార్ట్‌సీటీఎల్ ముగింపు విలువ సున్నా కాకపోతే డిస్కు పోయినట్లేనని తీర్మానించకండి. ఆ విలువలో ఒక్కో బిట్‌కు ఒక్కో అర్థం ఉంది, 8 విలువ గల బిట్ వెలిగితేనే డిస్కు విఫలమవుతోందని అర్థం.

నిజం చెప్పాలంటే, ప్రతి బూట్‌లోనూ దీన్ని నడపడం నాకు ఇష్టం లేదు. చావుబతుకుల్లో ఉన్న డిస్కు జవాబివ్వకుండా కమాండును నిలబెట్టేస్తే, బూట్ మొత్తం అక్కడే ఆగుతుంది. సాయానికి పెట్టిందే అడ్డుగోడ అవుతుంది. అందుకని స్క్రిప్టు మొదట్లో '/ప్రాక్/సీఎండీలైన్' చదివి, మీరు పెట్టుకున్న ఒక మాట, ఉదాహరణకు 'స్మార్ట్‌చెక్', అందులో ఉంటేనే ముందుకు సాగేలా రాయండి. అనుమానం వచ్చిన రోజున గ్రబ్‌లో ఆ మాట చేరిస్తే సరి.

డ్రాకట్, ఎంకేఇనిట్‌సీపీఐఓలలో

డ్రాకట్‌లో ఫైళ్లు చేర్చడానికి స్క్రిప్టు కూడా అక్కరలేదు. '/ఈటీసీ/డ్రాకట్.కాన్ఫ్.డీ' కింద '.కాన్ఫ్' తో ముగిసే ఫైలు పెట్టి, 'ఇన్‌స్టాల్_ఐటమ్స్' అనే వేరియబుల్‌కు ప్లస్-ఈక్వల్‌తో దారులన్నీ చేర్చండి. కోట్స్ లోపల మొదట, చివర ఖాళీ వదలాలి, లేకపోతే మరో ఫైలులోని పేరుతో అతుక్కుపోతుంది. లైబ్రరీలు వాటంతటవే వస్తాయి. పరీక్ష ఇమేజ్‌కు డ్రాకట్ కమాండుకే వేరే ఫైలు పేరు ఇవ్వవచ్చు, అసలుది తిరగరాయడానికి 'మైనస్ ఎఫ్'. జాబితాకు 'ఎల్‌ఎస్‌ఇనిట్‌ఆర్‌డీ', మధ్యలో ఆగడానికి కెర్నెల్ పంక్తిలో 'ఆర్‌డీ.బ్రేక్'. బూట్‌లో నడిచే స్క్రిప్టు కావాలంటే మాత్రం సొంత మాడ్యూల్ రాయాలి, అందులో 'ఇన్‌స్ట్_హుక్' ఫంక్షన్‌తో దశ పేరు చెప్పాలి.

ఆర్చ్‌లో '/ఈటీసీ/ఎంకేఇనిట్‌సీపీఐఓ.కాన్ఫ్'లోని బైనరీస్ అరేలో ప్రోగ్రాములు, ఫైల్స్ అరేలో మిగతావి రాసి, 'ఎంకేఇనిట్‌సీపీఐఓ' కమాండును పెద్ద అక్షరం పీతో 'మైనస్ పీ' ఇచ్చి నడపడమే. ఆ రెండు అరేల పేర్లూ పెద్ద అక్షరాలే. హుక్స్ వరుసలో సిస్టండీ ఉంటే, షెల్‌లో రాసిన బూట్ హుక్‌లు నడవవని గుర్తుంచుకోండి. ఆ పనికి సిస్టండీ యూనిట్ రాసుకోవాలి.

లోపల పెట్టకూడనివి, మరిచిపోకూడనివి

డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసినా /బూట్ సాధారణంగా బయటే ఉంటుంది. కాబట్టి ఇమేజ్‌లో పెట్టిన పాస్‌వర్డులు, ప్రైవేట్ కీలు యంత్రం దొరికిన ఎవరి చేతికైనా చిక్కుతాయి. తప్పనిసరై ఏదైనా రహస్యం పెట్టవలసి వస్తే, /బూట్ కూడా ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి, దానికి తోడు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కాన్ఫిగరేషన్‌లో 'యూమాస్క్' విలువ 0077 చేయాలి, ఆ పేరు మొత్తం పెద్ద అక్షరాలే. సెక్యూర్ బూట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. అది కెర్నెల్ సంతకాన్ని తనిఖీ చేస్తుంది, విడి ఫైలుగా ఉన్న ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ జోలికి పోదు. రెండింటినీ కలిపి ఒకే సంతకంతో కట్టే యూకేఐ పద్ధతిలో అయితే ఆ లోటు ఉండదు.

కొత్త కెర్నెల్ వచ్చినప్పుడు మీ హుక్ దానంతటదే నడుస్తుంది, మళ్లీ చేయవలసిందేమీ లేదు. కానీ స్మార్ట్‌సీటీఎల్‌కో, అది వాడే లైబ్రరీకో అప్‌డేట్ వస్తే, ఇమేజ్ లోపలి ప్రతి పాతదిగానే ఉండిపోతుంది. అలాంటి అప్‌డేట్ తరువాత 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మైనస్ యూ' మీరే ఒకసారి కొట్టాలి. ఇవేవీ వద్దనుకున్న రోజున హుక్ ఫైలు తీసేసి అదే కమాండు ఇస్తే చాలు. బూట్ స్క్రిప్టు కూడా రాసి ఉంటే దాన్నీ తీసేయండి, లేకపోతే అది లేని స్మార్ట్‌సీటీఎల్ కోసం వెతుకుతుంది.